మూతబండ మోసిన వాళ్లు

(మెతుకుసీమ రాళ్ల కథ: గత సంచిక తరువాయి)

గత భాగంలో మెదక్ చర్చి కొలతలన్నీ చెప్పుకున్నాం. 175 అడుగుల గోపురం, 100 అడుగుల వెడల్పు, 200 అడుగుల పొడవు ఉన్న ప్రార్థన మందిరం, 1914లో మొదలైన పని, 1924 డిసెంబరు 25న జరిగిన ప్రతిష్ఠ. పనిని తలకెత్తుకున్న చార్లెస్ వాకర్ పాస్నెట్ ఇంగ్లండు వెస్లియన్ మిషన్ పాదిరి. 1895లో సికింద్రాబాద్ చేరి, తిరుమలగిరి దండులో సిపాయిలకు ప్రార్థనలు చేయిస్తూ, ఆ పని తృప్తినివ్వక పల్లెల దారి పట్టి మెదక్ వచ్చినవాడు. చర్చి నమూనా గీసింది బోల్టన్ పట్టణంలోని బ్రాడ్‌షా, గ్యాస్ అండ్ హోప్ అనే ఆర్కిటెక్టుల సంస్థ. కోసుగా లేచే కమానులు, నిలువెత్తు రంగుటద్దాల కిటికీలు, రాతి గోపురం, అన్నీ ఇంగ్లండు చర్చి కట్టడపు ఆనవాళ్లే.

ఈసారి గోపురాన్ని వదిలి నేల వైపు చూద్దాం. ఇంగ్లండు పల్లెల్లో చర్చి ఒంటరిగా ఉండదు. దాని చుట్టూ ప్రహరీలో ఊరి వాళ్ల సమాధులు ఉంటాయి. ఆదివారం ప్రార్థనకు వచ్చేవాళ్లు తాతల గోరీల మధ్య నుంచే నడిచి లోపలికి పోతారు. ఆ గోరీల్లో ఒక రకం ఉంది. నాలుగు పక్కలా నాలుగు రాతి పలకలు నిలబెట్టి, పైన ఒకే పెద్ద మూతబండ పరిచిన పెట్టె. నడుమెత్తు ఉంటుంది. పక్క పలకల మీద పూలదండలు, ఇసుక గడియారం, పుర్రె, రెక్కలున్న దేవదూత ముఖం చెక్కుతారు. మూతబండ మీదనో, పక్క పలక మీదనో పేరు, తేదీ ఉంటాయి.

కొత్తగా చూసేవాళ్లు శవాన్ని ఆ పెట్టెలోనే పెట్టారనుకుంటారు. అందులో ఎవరూ ఉండరు. మనిషిని పెట్టె కింద, భూమిలో ఆరడుగుల లోతున పూడుస్తారు. పైనున్న పెట్టె బోలుగా ఉంటుంది, లేదా ఇటుక ముక్కలతో నింపి ఉంటుంది. చనిపోయినవాడి స్థాయి ఊరికి చాటడానికి కట్టిన రాతి అరుగు అది.

మొదట్లో ఈ పెట్టెలు చర్చి లోపలే ఉండేవి. జమీందారులు, యోధులు, మతాధికారులు పీఠానికి దగ్గరగా చోటు కొనుక్కునేవారు. 17వ శతాబ్దం వచ్చేసరికి పల్లెల్లో కొత్త డబ్బు పుట్టింది. గొర్రెల ఉన్ని అమ్మినవాళ్లు, ఉన్ని బట్ట నేయించినవాళ్లు ధనవంతులయ్యారు. లోపల పెద్ద వంశాలు చోటు వదలవు. బయట నేల ఉంది, చేతిలో డబ్బుంది. అందుకే లోపలి మర్యాదను బయటికి తెచ్చి ఆరుబయట రాతి పెట్టెలు కట్టించుకున్నారు. ఇంగ్లండు నైరుతి దిక్కున కాట్స్‌వోల్డ్ కొండల్లో ఇవి ఎక్కువ. అక్కడి సున్నపురాయి గని నుంచి తీసినప్పుడు మెత్తగా ఉండి ఉలికి లొంగుతుంది, గాలి తగిలే కొద్దీ గట్టిపడుతుంది. డబ్బు, రాయి, పనివాళ్లు మూడూ అక్కడే ఉన్నాయి.

గ్లాస్టర్‌షైర్‌లోని పెయిన్స్‌విక్ ఊరి చర్చి ఆవరణ ఈ సమాధులకు పేరు పొందింది. కత్తిరించి గుండ్రంగా చేసిన యూ చెట్ల మధ్య 17, 18 శతాబ్దాల నాటి రాతి పెట్టెలు వరసలుగా ఉంటాయి. పడుకున్నవాళ్లలో ఎక్కువమంది ఉన్ని బట్టల వ్యాపారులే. కానీ నన్ను ఆపేది ఆ వ్యాపారుల పెట్టెలు కావు, పిరమిడ్ ఆకారంలో ఉన్న ఒక సమాధి. అది జాన్ బ్రయన్ అనే రాతి మేస్త్రీది. 1787లో చనిపోయాడు. ఆ ఆవరణలోని చాలా సమాధులు చెక్కింది బ్రయన్ కుటుంబమే. ఊరి షావుకార్లకు పెట్టెలు చేసి ఇచ్చిన చేతులకు అదే నేలలో, ఆ షావుకార్ల పక్కనే, తన పేరుతో ఒక రాయి దక్కింది. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. ఈ భాగం మొత్తం దాని మీదే నడుస్తుంది.

ఉన్ని సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే అది సమాధి లోపలికి కూడా వెళ్లింది. 1666లో ఇంగ్లండు పార్లమెంటు ఒక చట్టం చేసింది. చనిపోయిన ప్రతి మనిషినీ ఇంగ్లండు ఉన్ని బట్టలోనే చుట్టి పూడ్చాలి. నార బట్ట, పట్టు, మరే బట్టా వాడకూడదు. జనం లెక్కచేయకపోతే 1678లో దాన్ని బిగించారు. శవానికి చుట్టింది ఉన్నే అని ఎవరో ఒకరు ప్రమాణం చేసి పత్రం ఇవ్వాలి, లేదంటే 5 పౌండ్ల జరిమానా. పేదల ఇంట అది కొన్ని నెలల సంపాదన. ప్లేగుతో చచ్చినవాళ్లకు మాత్రం మినహాయింపు. 1814లో గానీ ఆ చట్టం రద్దు కాలేదు. దేశంలో ఏటా చనిపోయే వాళ్లందరినీ ఉన్ని వ్యాపారానికి ఖాతాదారులను చేశారన్నమాట. పెయిన్స్‌విక్ రాతి పెట్టెల కింద ఆ కాలపు మనుషుల్లో చాలామంది ఉన్నిలోనే ఉండి ఉంటారు.

ఆ ఉన్ని దొరలు ఇంతగా భయపడ్డ బట్టల్లో మనదీ ఒకటి. తూర్పు తీరంలో నేసి, రంగులద్దిన నూలు బట్ట ఇంగ్లండు అంగళ్లలోకి వచ్చేసరికి అక్కడి ఆడవాళ్లు బరువైన ఉన్నిని వదిలి దీన్ని పట్టుకున్నారు. తేలిక, ఉతికితే రంగు పోదు, ధర తక్కువ. ఉన్ని, పట్టు నేతగాళ్లు గగ్గోలు పెట్టారు. 1700లో అద్దకం బట్టల దిగుమతిని నిషేధిస్తూ చట్టం వచ్చింది. 1719లో లండన్ వీధుల్లో నేతగాళ్లు నూలు గౌన్లు వేసుకున్న ఆడవాళ్ల మీద పడి బట్టలు చింపారు. 1721లో ఆ బట్ట కట్టుకోవడమే నేరమంటూ ఇంకో చట్టం చేశారు. అది 1774 దాకా నడిచింది. కాట్స్‌వోల్డ్ రాతి పెట్టె వెనుక ఉన్న సంపద ఎవరితో పోటీ పడిందో తెలుసుకోవాలంటే మన మచిలీపట్నం పోవాలి.

మచిలీపట్నం, అంటే బందరు, అప్పటికి గోల్కొండ సుల్తానుల పెద్ద రేవు. డచ్చి కంపెనీ వాళ్లు 1605, 1606 ప్రాంతాల్లోనే వచ్చి దిగారు. ఇంగ్లీషు కంపెనీ 1611లో వచ్చింది. ‘గ్లోబ్’ అనే ఓడలో, పీటర్ ఫ్లోరిస్ అనే డచ్చివాడినే కొలువులో పెట్టుకుని వచ్చింది. ఫ్రెంచివాళ్లు తరువాత వచ్చారు. ఇంగ్లీషుపాలెం, వలందపాలెం, పరాసుపేట అనే పేర్లు ఇవాళ్టికీ బందరులో ఉన్నాయి. వాళ్లు వచ్చింది మిరియాల కోసం, జాజికాయ కోసం, లవంగం కోసం అని బడిలో చదువుకున్నాం. అవి పండేది ఇక్కడ కాదు, తూర్పు దీవుల్లో. ఆ దీవుల వాళ్లు వెండి బంగారాల కన్నా మన తీరపు బట్టను ఇష్టపడేవారు. బందరులో బట్ట కొని, దీవుల్లో ఆ బట్ట ఇచ్చి లవంగం తీసుకుని, లవంగాన్ని ఐరోపాలో అమ్మడం డచ్చివాళ్ల లెక్క. ఆ లెక్క రాసుకోవడానికి కుర్రవాళ్లను పంపేవారు. విషజ్వరాలు, నీళ్ల విరేచనాలు వాళ్లలో చాలామందిని తిరిగి వెళ్లనివ్వలేదు.

బందరు కోట దగ్గర డచ్చివాళ్ల శ్మశానం ఉంది. ఇప్పుడు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. ఎత్తు దిమ్మెల మీద పెద్ద పెద్ద నల్లరాతి పలకలు. 17వ శతాబ్దం మధ్య నుంచి 18వ శతాబ్దం మొదటి పాతిక దాకా నడిచిన తేదీలు. పలక మీద వంశచిహ్నం, దాని మీద శిరస్త్రాణం, చుట్టూ మెలికలు తిరిగిన ఆకులు, కింద డచ్చి భాషలో పేరు, హోదా, పుట్టిన ఊరు, పోయిన తేదీ. పెద్ద వర్తకుడు, వర్తకుడి భార్య, వర్తకుడి పసిబిడ్డ. 1897లో అలెగ్జాండర్ రీ మద్రాసు రాష్ట్రంలోని డచ్చి కంపెనీ కట్టడాల మీద ఒక పుస్తకం వేశాడు. బందరు, పులికాట్, సద్రాస్, భీమునిపట్నం సమాధులకు కొలతలతో బొమ్మలు గీయించి పెట్టాడు.

ఆ పలకల్ని దగ్గరగా చూడండి. చాలావాటి మీద అక్షరం ఉబ్బెత్తుగా ఉంటుంది. రాతిలోకి అక్షరం తవ్వడం ఒక పని. అక్షరాన్ని అలాగే ఉంచి దాని చుట్టూ ఉన్న రాతినంతా తొలిచి దించడం వేరే పని. తవ్వేటప్పుడు చెయ్యి జారితే అక్షరం లావవుతుంది, అంతే. ఉబ్బెత్తు పనిలో చెయ్యి జారితే అక్షరం ఊడిపోతుంది, పలక మొత్తం పాడవుతుంది. కాకతీయుల శాసనాలు తవ్విన అక్షరాలు. హనుమకొండ వేయిస్తంభాల గుడిలో 1163 నాటి శాసనం చూసినవాళ్లకు తెలుసు, నల్లరాతి నునుపు మీద అక్షరం లోపలికి దిగి ఉంటుంది. మరి ఉబ్బెత్తు అక్షరం చెక్కే చేతులు ఎక్కడివి?

నా సమాధానం గోల్కొండ వైపు చూపిస్తుంది. బందరు ఏ రాజ్యానికి రేవో ఆ రాజ్యపు సుల్తానుల సమాధుల మీద అరబ్బీ అక్షరాలు ఉబ్బెత్తుగానే ఉన్నాయి. నునుపు పెట్టిన నల్లరాతి సమాధి, మెట్లుమెట్లుగా లేచిన పెట్టె, దాని చుట్టూ అల్లుకున్న లిపి. 1612లో చనిపోయిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా సమాధిలో ఇంకో సంగతి ఉంది. పైన హాల్లో మనం చూసే నల్లరాతి పెట్టె అసలు గోరీ కాదు. అసలుది కింద నేలమాళిగలో ఉంది. పెయిన్స్‌విక్ షావుకారు పెట్టెలో ఏ ఏర్పాటు ఉందో ఇక్కడా అదే. రెండు చోట్లా పైన చూపుకు ఒక రాయి, కింద మట్టిలో మనిషి. ఒకరిని చూసి ఒకరు చేసింది కాదు.

డచ్చి వర్తకుడు కాగితం మీద రాసిచ్చిన అక్షరాలను, తనకు తెలియని భాషలో, తనకు తెలియని వంశచిహ్నంతో, ఈ తీరపు పనివాడు రాతి మీదికి ఎక్కించాడు. కృష్ణా డెల్టా ఒండ్రు నేల. అక్కడ బండ దొరకదు. రాయి ఎక్కడినుంచో రావాలి. ఆ బరువు బండ్లమీదనో పడవలమీదనో ఎవరో మోసుకొచ్చి ఉండాలి. ఈ తీరపు రాతిపనికి ఎంత గిరాకీ ఉండేదంటే, కోరమండలం తీరంలో చెక్కిన సమాధి పలకలు ఓడలెక్కి బటావియా దాకా పోయాయి. ఇవాళ్టి జకార్తాలో ప్రసస్తి మ్యూజియం తోటలో నిలబెట్టిన పాత డచ్చి సమాధి రాళ్లలో మన తీరం నుంచి వెళ్లినవి ఉన్నాయి. ఓడ అడుగున బరువుగా వేసుకుని తీసుకుపోతే రెండు పనులూ తీరేవి. జకార్తాలో ఆ రాయి మీద డచ్చి గవర్నరు పేరో, ఆయన భార్య పేరో ఉంటుంది. చెక్కినవాడి పేరు ఉండదు. పెయిన్స్‌విక్‌లో జాన్ బ్రయన్‌కు దక్కింది బందరు పనివాడికి దక్కలేదు.

బందరు రాళ్ల గట్టితనం గురించి ఒక మాట. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరును తుడిచిపెట్టింది. 30,000 మంది దాకా పోయారని లెక్క. ఊరికి ఊరే కొట్టుకుపోయిన ఆ నేల మీద నల్లరాతి పలకలు మిగిలాయి. కాట్స్‌వోల్డ్ పెట్టెలకు అంత ఆయుష్షు లేదు. మెత్తని సున్నపురాతి మీద రెండొందల ఏళ్ల వానకు పేరు చెరిగిపోతుంది. పలకలు కలిపి పట్టడానికి లోపల వేసిన ఇనుప కొక్కాలు తుప్పుపట్టి ఉబ్బి, రాతిని లోపలినుంచి పగలగొడతాయి. చెట్టు వేరు దూరి మూతబండను పక్కకు నెడుతుంది. అందుకే అక్కడ ఒక్కొక్క పాత పెట్టెనూ విడిగా రక్షిత కట్టడాల జాబితాలో చేర్చుకుంటూ వస్తున్నారు. ఊరి చర్చి పక్కన రాతి పెట్టె ఒకటి ఒరిగితే దానికో నెంబరు, దానికో వివరణ, బాగు చేయాలంటే అనుమతి. ఆ శ్రద్ధ చూస్తే నాకు అసూయ పుడుతుంది.

ఇక మన మెతుకుసీమ, అంటే మెదక్ ప్రాంతం.

ఇక్కడ రాతి పెట్టె సమాధి కోసం చర్చి దాకా పోనక్కర్లేదు, కుతుబ్‌షాహీల దాకా కూడా పోనక్కర్లేదు. పాత మెదక్ జిల్లాలో, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న నర్మెట్ట, పుల్లూరు ఊళ్ల పొలాల్లో అవి ఉన్నాయి. ఇనుము వాడకం మొదలైన కాలంలో, సుమారు 3,000 ఏళ్ల నుంచి 2,000 ఏళ్ల కిందటి దాకా, ఈ నేల మీద బతికిన మనుషులు కట్టినవి. పైన గుండ్లను వలయంగా పేరుస్తారు. మధ్యలో గొయ్యి తీసి నాలుగు బండలను పెట్టె గోడల్లా నిలబెడతారు. ఒకదాని అంచు ఇంకోదాని అంచును దాటి నిలబడేట్టు అమరుస్తారు, అప్పుడు చుట్టూ ఉన్న మట్టి ఒత్తిడికి అవి లోపలికి కూలవు. కింద ఒక బండ పరుస్తారు. లోపల ఎముకలు, నలుపు ఎరుపు రంగుల కుండలు, ఇనుప కత్తులు, బాణపు ములుకులు పెట్టి పైన మూతబండ వేస్తారు. కొన్ని చోట్ల ఒక పక్క బండకు గుండ్రని కన్నం ఉంటుంది.

ఇంగ్లండు పెట్టెకు దీనికి తేడా ఇక్కడే ఉంది. అక్కడ పెట్టె పైన, మనిషి కింద, పెట్టె ఖాళీ. ఇక్కడ పెట్టే భూమిలో ఉంది, మనిషి పెట్టెలోనే ఉన్నాడు. పైకి కనిపించేది గుండ్ల వలయం ఒక్కటే. పేరు లేదు, తేదీ లేదు. దారిన పోయేవాడికి నా స్థాయి ఇది అని చాటుకునే తాపత్రయం ఏదైనా ఉంటే అది బండ బరువులోనే ఉంది.

ఆ బరువు మామూలుది కాదు. 2017లో రాష్ట్ర వారసత్వ శాఖ నర్మెట్టలో తవ్వినప్పుడు బయటపడ్డ మూతబండ ఒకటి 40 టన్నులు దాటింది. దాన్ని లేపడానికి క్రేన్ తెప్పించాల్సి వచ్చింది. మూడువేల ఏళ్ల కిందట క్రేన్ లేదు. గట్టిరాతి గుట్ట నుంచి అంత పలకను మొదట విడదీయాలి. బండ మీద మంట పెట్టి, వేడికి పొర లేచాక సందులో మేకులు దిగ్గొట్టి ఊడదీసే పద్ధతి మన వడ్డెరలకు నిన్న మొన్నటిదాకా తెలుసు. ఆ కాలం వాళ్లకూ అలాంటిదే తెలిసి ఉండాలి. తరువాత దాన్ని దుంగల మీద దొర్లించి, మట్టి కట్ట మీదుగా పైకి లాగి, నిలబెట్టిన నాలుగు బండల మీద, అవి ఒరగకుండా, విరగకుండా దించాలి. ఒక కుటుంబం చేసే పని కాదు, ఒక ఊరు చేసే పని కూడా కాకపోవచ్చు. తాళ్లు పేనినవాళ్లు, దుంగలు నరికినవాళ్లు, మట్టి తట్టలు ఎత్తినవాళ్లు, వాళ్లందరికీ అంబలి కాచినవాళ్లు ఉంటారు. లోపల ఉన్నది ఒక్కరో ఇద్దరో. ఒక మూతబండను సరిగ్గా చదివితే అందులో వందలమంది కనిపిస్తారు.

వాళ్లకు మనం ఏం ఇచ్చాం? 19వ శతాబ్దంలో ఫిలిప్ మెడోస్ టేలర్ అనే ఇంగ్లీషు అధికారి నిజాం ఇలాకాలో కొలువు చేశాడు. సురపురం సంస్థానంలో ఉన్నప్పుడు ఇలాంటి సమాధులను తవ్వించి, కొలిచి, బొమ్మలు గీశాడు. దక్కనులో ఈ పనికి తొలి గౌరవం ఆయనదే, అందులో సందేహం లేదు. బ్రిటన్‌లోనూ ఐర్లండ్‌లోనూ ఉన్న పురాతన రాతి పెట్టెలతో పోల్చి చూసి రెండూ ఒకేలా ఉన్నాయని ఆశ్చర్యపోయాడు. ఆ పోలిక ఆయన్ని తప్పు దారి పట్టించింది. ఐరోపా నుంచో మధ్య ఆసియా నుంచో వచ్చిన జాతులు ఇవి కట్టి ఉంటాయని ఆ తరం పండితులు ఊహించారు. సెల్టులన్నారు, సిథియన్లన్నారు. పక్క చేలో బండ కొడుతున్న మనిషి పూర్వీకులే అయి ఉండొచ్చని వాళ్లకు తట్టలేదు.

మనవాళ్లు చేసింది కూడా వేరేమీ కాదు. పల్లెల్లో వీటిని రాకాసి గుళ్లంటారు, పాండవుల గుళ్లంటారు. అంత బండ మనుషులు ఎత్తలేరు కాబట్టి రాక్షసులు ఎత్తారు, భీముడు ఎత్తాడు. దొర సెల్టులకు ఇచ్చాడు, మనం రాక్షసులకు ఇచ్చాం. ఎత్తిన మనిషికి ఎవరూ ఇవ్వలేదు. పని మరీ గొప్పదైతే చేసినవాడు మనిషే కాకుండా పోతాడు. పాలంపేట గుడిని మాత్రం జనం వేరే దారిలో గుర్తుపెట్టుకున్నారు. 1213లో కట్టించింది రేచర్ల రుద్రుడని శాసనం చెబుతున్నా, శిల్పి రామప్ప అని నమ్మి ఆ పేరుతోనే పిలుస్తున్నారు. రామప్ప నిజంగా ఉన్నాడా అని చరిత్రకారులు వాదించుకోవచ్చు. కట్టించినవాడిని పక్కన పెట్టి కట్టినవాడి పేరు గుడికి పెట్టాలన్న ఆ జనం కోరిక నాకు నిజమైన చరిత్రే.

ఇప్పుడు ఆ రాకాసి గుళ్ల పరిస్థితి చెప్పాలి. గుండ్ల వలయం ట్రాక్టరుకు అడ్డం. చదును చేసేటప్పుడు ముందు పోయేది అదే. నిధి ఉందన్న ఆశతో రాత్రిపూట తవ్వేవాళ్లు కొందరు. గ్రానైట్ కోసం గుట్టలు పగలగొట్టేచోట పక్కనున్న బండలు కూడా లారీ ఎక్కుతాయి. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది, కానీ ఏ పొలంలో ఏముందో శాఖకు చెప్పేవాళ్లుంటేనే చట్టానికి చేతులు వస్తాయి. మీ చేలో గుండ్లు గుండ్రంగా పేర్చి ఉంటే, వాటి మధ్య నేల కొద్దిగా లేచి ఉంటే, దయచేసి దున్నే ముందు రెవెన్యూ వాళ్లకో, వారసత్వ శాఖకో ఒక మాట చెప్పండి. ఒక ఫొటో, ఒక కొలత మిగిలినా చాలు.

మళ్లీ మెదక్ చర్చి దగ్గరికి. ఎందుకంటే నర్మెట్టలో అడిగిన ప్రశ్ననే ఇక్కడా అడగాలి. అక్కడ మూడువేల ఏళ్లు గడిచాయి, జవాబు దొరకదు. ఇక్కడ గడిచింది నూరేళ్లే.

1914 నుంచి 1924 దాకా పదేళ్లు. మధ్యలో మొదటి ప్రపంచ యుద్ధం, దాని వెంట కరువు. ఆకలితో ఉన్న వాళ్లకు పని చూపించి తిండి పెట్టడానికే పాస్నెట్ ఇంత పెద్ద కట్టడానికి పూనుకున్నాడని మెదక్‌లో ఎవరిని అడిగినా చెబుతారు. ఊరికే గంజి పోస్తే పుచ్చుకోవడానికి అభిమానం అడ్డొస్తుంది, పని చేసి తింటే తల ఎత్తుకుని తినొచ్చు. రాళ్లు కొట్టినవాళ్లు, తట్టలు మోసినవాళ్లు, సున్నం తొక్కినవాళ్లు చుట్టుపక్కల పల్లెల జనం. ఆడవాళ్లు, మగవాళ్లు, పిల్లలు. క్రైస్తవులు, కానివాళ్లు. చర్చికి ఎదురుగా నిలబడి గైడు మాటలు వినండి. నమూనా గీసింది ఎవరో చెబుతాడు. రంగుటద్దాల కిటికీలు ఫ్రాంక్ సాలిస్‌బరీవని చెబుతాడు. నేల పలకలు పరచడానికి ఇటలీ నుంచి మేస్త్రీలు వచ్చారని కూడా చెబుతాడు. గోపురం మీదికి రాయి ఎక్కించిన మెదక్ మనిషి పేరు ఒక్కటి కూడా ఆ వరసలో రాదు.

పాస్నెట్‌ను తక్కువ చేయడం కోసం ఈ మాట అనడం లేదు. గుర్రం మీద రెండు రోజుల ప్రయాణం ఉన్న ఊరికి వచ్చి, కరువులో వేల మందికి పని చూపించినవాడు ఆ గౌరవానికి తగినవాడే. కానీ పెయిన్స్‌విక్‌లో జాన్ బ్రయన్ పిరమిడ్ కింద పడుకుని ఊరి షావుకార్లకు పొరుగువాడయ్యాడు. మెదక్‌లో మేస్త్రీలు, కూలీలు పని అయ్యాక ఊళ్లకు వెళ్లిపోయారు. పోయినప్పుడు ఊరి చివర నేలలో కలిశారు. వాళ్ల మీద మూతబండ ఎవరు వేస్తారు?

నూరేళ్లంటే నాలుగు తరాలు. మెదక్‌లో, రామాయంపేటలో, పాపన్నపేటలో, చుట్టుపక్కల ఊళ్లలో చర్చి పనికి వెళ్లామని తాతలు, ముత్తవ్వలు చెప్పుకున్న ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఏ గుట్ట నుంచి రాయి తెచ్చారు, కూలి గింజల్లో ఇచ్చారా పైసల్లోనా, మధ్యాహ్నం ఏం తిన్నారు, పై అంతస్తుకు రాయి ఎలా ఎక్కించారు, ఎవరైనా కింద పడ్డారా, ఈ సంగతులు ఇంట్లో ముసలివాళ్లకు తెలిసి ఉంటాయి. వాళ్లు ఉన్నప్పుడే అడిగి ఒక కాగితం మీద పేరు, ఊరు, చేసిన పని రాసి ఈ పత్రిక కార్యాలయానికి పంపండి. అక్షరదోషాల గురించి, తేదీల గురించి బెంగ పెట్టుకోవద్దు. ఈ ధారావాహిక ముగిసేలోగా వచ్చిన పేర్లన్నీ, పాస్నెట్ పేరు అచ్చయిన అక్షరాల సైజులోనే, ఒక పేజీ నిండా వేస్తాం.

(వచ్చే భాగం: మెదక్ కోట గోడలు)